క్రియ వచ్చేదాకా నవ్వకండి

ఒక హోటల్లో స్నానాల తొట్టి. అందులో ఇద్దరు పెద్దమనుషులు, ఒంటిమీద నూలుపోగు లేకుండా, ఎదురెదురుగా కూర్చున్నారు. తొట్టి ఒకాయనది. రెండో ఆయన గది పొరబడి వచ్చి అందులో దిగబడ్డాడు. పేచీ మొదలైంది. నీళ్లు వదలాలా వద్దా, వదిలితే ఎంత వేడిగా ఉండాలి, రబ్బరు బాతును లోపలికి రానివ్వాలా, నీళ్లలో మునిగి ఊపిరి బిగబట్టడంలో ఎవరు గట్టి? ఇంత రచ్చలోనూ ఇద్దరూ మర్యాద తప్పరు. ఒకరినొకరు ఇంటిపేరుతో, ముందు జర్మన్ ‘హెర్’ (అయ్యగారు) తగిలించి, ‘మీరు’ అనే పిలుచుకుంటారు. రెండో ఆయన డాక్టరేటును కూడా వదిలిపెట్టరు.

ఇదే ముచ్చటను ఇంగ్లీషులో చెబితే సగం నవ్వు అక్కడే ఆవిరైపోతుంది. నువ్వన్నా మీరన్నా అక్కడ ఒకటే మాట కదా. అదే ఏలూరు ఫైర్‌స్టేషన్ సెంటర్‌లో ఆటో తగిలితే దిగి, “ఏమండీ, తమరు ఒట్టి దద్దమ్మండీ” అని కేకలేసే మనిషికి చెప్పి చూడండి. జర్మన్ ముక్క రాకపోయినా నవ్వుతాడు. గోదావరి జిల్లాల్లో తిట్టుకి కూడా ‘అండి’ ఉంటుంది. చొక్కా పట్టుకున్నా గౌరవవాచకం జారదు. తొట్టిలోని ఆ ఇద్దరూ నాకు చూడగానే మన వైపు మనుషుల్లాగే అనిపించారు.

ఆ బొమ్మల హాస్యం గీసింది లోరియో. అసలు పేరు ఫికో ఫోన్ బ్యూలో, 1923లో పుట్టి 2011లో పోయాడు. ప్రభువుల వంశం, ముఖంలో నవ్వు కనపడదు. 1976 నుంచి 1978 వరకు రేడియో బ్రేమెన్ కోసం తీసిన టీవీ కార్యక్రమాలతో జర్మన్ మధ్యతరగతి మర్యాదను మర్యాదగానే ఉతికి ఆరేశాడు. జర్మన్లకు హాస్యం తెలియదన్న మాట మనదాకా ఇంగ్లీషువాళ్ల ద్వారా వచ్చింది. యుద్ధం చేసుకున్నవాళ్లు ఒకరి గురించి ఒకరు చెప్పేది అంత నమ్మకూడదు.

జర్మన్ నేర్చుకుంటున్న మన పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఇంగ్లీషు మీదుగా వెళ్లకండి, తెలుగు మీదుగా వెళ్లండి. ఆ దారిలో నడిపించేవాళ్లు పాఠ్యపుస్తకంలో తక్కువ, టీవీ హాస్యంలో ఎక్కువ.

విమానాల మైదానం నుంచి

తాడేపల్లిగూడెం అంటే ఒకప్పుడు ఉల్లిపాయల మార్కెట్టు. ఇప్పుడూ ఉల్లి మార్కెట్టే, కాకపోతే 2015 నుంచి నిట్ కూడా. మొదట్లో పెదతాడేపల్లి వాసవి ఇంజినీరింగ్ కాలేజీలో సర్దుకుని, తర్వాత పాత విమానాశ్రయం భూముల్లో సొంత ప్రాంగణం కట్టుకుంది. ఎప్పుడో విమానాలు దిగిన నేల మీద ఇప్పుడు పిల్లలు విమానం ఎక్కే లెక్కలు వేసుకుంటున్నారు. అమెరికా వీసా గొడవలు పెరిగేకొద్దీ ఆ లెక్కల్లో మ్యూనిక్, ఆఖెన్, డ్రెస్డెన్ పేర్లు ఎక్కువగా వినపడుతున్నాయి. జర్మనీలో చదువుతున్న విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు మనవాళ్లదే మొదటి స్థానం. 2024-25 శీతాకాలం సెమిస్టర్ నాటికి భారతీయులు దాదాపు 59 వేల మంది. 2024 అక్టోబరులో జర్మనీ ప్రభుత్వం, నైపుణ్యం ఉన్న భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామంది.

ఇంజినీర్ల సంగతి ఒక రకం. ఎమ్మెస్ పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పే యూనివర్సిటీలు బోలెడు. జర్మన్ రాకపోయినా సీటు వస్తుంది. అద్దె గది, పార్ట్‌టైమ్ పని, విదేశీయుల ఆఫీసులో టోకెను, వీటి దగ్గర భాష అడ్డం పడుతుంది. నర్సుల సంగతి అలా కాదు. వాళ్లకు భాషే ఉద్యోగం. మామూలుగా జర్మన్ పరీక్షల్లో బి1 స్థాయి లేకపోతే కదలరు, దాని పైమెట్టు బి2 లేకపోతే వాళ్ల నర్సింగ్ చదువును అక్కడ పూర్తిగా గుర్తించరు. కేరళ ఈ దారి ముందే పట్టింది. 2021 డిసెంబరులో ఆ రాష్ట్ర నోర్కా సంస్థ జర్మనీ ఉపాధి సంస్థతో ఒప్పందం చేసుకుంది. మన నైపుణ్యాభివృద్ధి సంస్థ కూడా నర్సులకు జర్మన్ శిక్షణ మొదలుపెట్టింది. ఏలూరు, భీమవరం, కైకలూరు వైపు నర్సింగ్ చదివిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఈ మధ్య ‘బి వన్ అయిందా?’ అన్నది పెళ్లిచూపుల ప్రశ్నలా వినపడుతోంది.

మా మేనకోడలు ఆ బాపతే. కైకలూరు దగ్గర లంక గ్రామం, నర్సింగ్ పూర్తయింది, బి1 అయింది, బి2కి చదువుతోంది. గ్యోటె ఇన్‌స్టిట్యూట్ పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ వేర్వేరు. ఒక్కోదానిలో 100కి 60 తెచ్చుకోవాలి. చదవడం, రాయడం ఆమెకు నల్లేరు మీద నడక. తంటా అంతా వినడంతోనే.

“మావయ్యా, వాళ్లు మాట్లాడుతుంటే అన్నీ తెలిసిన మాటలే. వాక్యం అయిపోయాక చూస్తే ఏమన్నారో తెలీదు.”

“తెలుగులో విను.”

“జర్మన్ మావయ్యా!”

“జర్మనే. తెలుగు విన్నట్టు విను.”

గిరీశం శిష్యులు

మన సాహిత్యంలో పరభాష నేర్చుకోవడం గురించి ఉన్న గొప్ప హాస్యం కన్యాశుల్కమే. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ఆ నాటకంలో గిరీశం వెంకటేశానికి నేర్పింది ఇంగ్లీషు కాదు, ఇంగ్లీషు వచ్చినట్టు కనిపించడం. తల్లి ముచ్చట పడాలి, తండ్రి నోరు మూతపడాలి, అంతే సిలబస్. జర్మన్ కోచింగుల్లో సగం ఇవాళ్టికీ అదే బడి. స్వపరిచయం బట్టీ, ఆరోగ్యకరమైన ఆహారం మీద ప్రసంగం బట్టీ, కాలుష్యం మీద మూడు అభిప్రాయాలు బట్టీ. బి1 మౌఖిక పరీక్షలో ఇద్దరు అభ్యర్థులు కలిసి ఒక కార్యక్రమానికి ప్లాను వేయాలి. ఎదుటి అభ్యర్థి బట్టీ పట్టని మాట ఒకటి అన్నాడో, మన వెంకటేశం నిలబడిపోతాడు.

విదేశం వెళ్లే గోదావరి కుర్రాడి హాస్యానికి మనకు ఇంకో పెద్దాయన ఉన్నాడు, మొగల్తూరు నుంచి బయల్దేరిన బారిష్టర్ పార్వతీశం. ఆయనది వేరే దారి. తెలియనిదాన్ని తెలిసినట్టు నటించడు, తెల్లముఖం వేసి చూస్తాడు, అడుగుతాడు, అభాసుపాలవుతాడు, నేర్చుకుంటాడు. నన్నడిగితే భాషా విద్యార్థికి గిరీశం కంటే పార్వతీశమే మంచి గురువు.

అసలు మనం జర్మన్‌కు కొత్తేమో గానీ జర్మన్లు తెలుగుకు పాతకాపులు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1726లో మద్రాసు చేరి, రెండేళ్లలో తెలుగు వ్యాకరణం రాశాడు. తిరిగి వెళ్లాక 1746 ప్రాంతంలో హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు అచ్చు తొలి అడుగులు పడింది జర్మనీలో. షుల్జ్ తెలుగు నేర్చుకోవడానికి మధ్యలో ఇంగ్లీషు అవసరపడలేదు.

చివరిదాకా ఆగే చెవి

ఇప్పుడు అసలు సంగతి. “మీ ఊరికి రోడ్డు, రోడ్డు మీద వంతెన, వంతెన పక్కన దీపాలు, అన్నీ ఈ ఏడాదిలోనే వేయిస్తామని మేం ఎన్నికల్లో మీకు చెప్ప...” ఇక్కడ ఆగండి. తర్వాత ‘-ఆం’ వస్తుందా, ‘-లేదు’ వస్తుందా? వాక్యం ప్రాణం ఆ చివరి ముక్కలో ఉంది. తెలుగు చెవికి ఈ ఆగడం పుట్టుకతో వచ్చిన అలవాటు. క్రియ వచ్చేదాకా తీర్పు ఇవ్వం.

జర్మన్‌లో ప్రధాన వాక్యంలో క్రియ రెండో స్థానంలో కూర్చుంటుంది, అందులో తెలుగుతో పోలిక లేదు. కానీ ‘ఎందుకంటే’, ‘అని’, ‘అయితే’ లాంటివాటితో ఉపవాక్యం మొదలైందా, క్రియ చివరికి పోతుంది. జరిగిపోయిన పని చెబితే అసలు క్రియ చివర్లో. కొన్ని క్రియలు రెండు ముక్కలై, తోక వాక్యం చివర వేలాడుతుంది. ఆ తోకను బట్టి వచ్చాడో వెళ్లిపోయాడో, తెరిచాడో మూశాడో తేలుతుంది. కాదన్న మాట కూడా తరచు చివరే. ఇంగ్లీషు మీదుగా వెళ్లిన పిల్ల కర్త వినగానే క్రియ కోసం వెతుకుతుంది. అది దొరక్క, మధ్యలో వచ్చిన నాలుగు మాటలు జారిపోతాయి. మా మేనకోడలి ఇబ్బంది సరిగ్గా ఇదే. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియం, జర్మన్ పాఠం కూడా ఇంగ్లీషులోనే. ఇంట్లో వాళ్లమ్మ మాట్లాడే వాక్యానికి ఆగినట్టు జర్మన్ వాక్యానికి ఆగవచ్చని ఎవరూ చెప్పలేదు.

హాస్యం ఇక్కడ గురువవుతుంది. వార్తల్లో క్రియ చివర వచ్చినా రాకపోయినా మీకేం పోదు. బొమ్మ చూసి అర్థం చేసుకున్నామనుకుంటారు. నవ్వు విషయంలో మోసం కుదరదు. తెర మీద జనం నవ్వారు, మీరు నవ్వలేదు, అంటే చివరి మాట మీకు అందలేదు. వెనక్కి తిప్పి మళ్లీ వినాలి. పరీక్ష పెట్టేవాళ్లు అక్కర్లేదు, మార్కులు వేసేవాళ్లు అక్కర్లేదు.

జంధ్యాల సినిమాలు చూసి తెలుగు నేర్చుకునే జర్మన్‌ను ఊహించుకోండి. నరసాపురంలో పుట్టిన ఆ మనిషి తిట్లకు సంస్కృత సమాసాలు కట్టాడు, నత్తికి తాళం వేశాడు. ‘అహ నా పెళ్లంట’లో వేలాడే కోడిని చూస్తూ అన్నం తినే పిసినారికి భాష అక్కర్లేదు, ఆ సన్నివేశానికి ఎవరైనా నవ్వుతారు. మిగిలిన సినిమాకు నవ్వాలంటే తెలుగు రావాలి. లోరియోకు కూడా అలాంటి కోడి ఒకటుంది, నూడుల్ ముక్క రూపంలో. హోటల్లో ఒకాయన ఎదుటి ఆవిడకు గంభీరంగా ప్రేమ విన్నవించుకుంటుంటాడు, ఆయన ముఖం మీద అంటుకున్న నూడుల్ ముక్క ఒక చోటు నుంచి ఇంకో చోటికి ప్రయాణిస్తుంది. ఆవిడ ఎవెలిన్ హామన్, జర్మన్ టీవీలో నవ్వకుండా నవ్వించిన మహానుభావురాలు. మొదటిసారి నూడుల్‌ను చూడండి. రెండోసారి ఆయన మాటలు వినండి. ప్రేమ నివేదనలోనూ ‘మీరు’ నుంచి ‘నువ్వు’కి దిగడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

ఆవిడదే ఇంకోటి మా ఇంట్లో పదేపదే నడిచింది. ఒక ఇంగ్లీషు సీరియల్ కథను చదివి వినిపించే అనౌన్సరు పాత్ర. పేర్ల నిండా నాలుక మడత పడే ఇంగ్లీషు ధ్వనులు. చదివేకొద్దీ మడత బిగుసుకుని చివరికి మొత్తం చిక్కుముడైపోతుంది. ఇంగ్లీషు ముందు జర్మన్లు కూడా పల్టీలు కొడతారని చూశాక మా అమ్మాయి భుజాలు కాస్త కిందికి దిగాయి.

ఎవరి దగ్గరికి వెళుతున్నారు?

యూట్యూబ్‌లో ‘జర్మన్ నేర్పే టాప్ టెన్ షోలు’ అని జాబితాలు కనపడతాయి. ఆ జాబితాలు మీరెవరని అడగవు. నర్సుగా వెళ్లే పిల్లా, సాఫ్ట్‌వేర్‌కు వెళ్లే పిల్లాడూ ఒకే హాస్యం చూడనక్కర్లేదు.

వృద్ధుల ఆసుపత్రికో, ఆశ్రమానికో వెళ్లే నర్సు రోజంతా మాట్లాడేది 80, 85 ఏళ్లవాళ్లతో. లోరియో తొట్టి తెర మీదికి వచ్చినప్పుడు వాళ్లకు ముప్ఫయ్యో నలభయ్యో. వాళ్ల జోకులు ఆ కాలానివి. ఉదయం ఉడికించిన గుడ్డు పళ్లెంలో పెడితే, ఎన్ని నిమిషాలు ఉడికిందని ఒక తాతగారు కళ్లెగరేస్తూ అడిగారనుకోండి. ఫిర్యాదేమో అని పిల్ల కంగారు పడుతుంది. ఆయనకు గుర్తొచ్చింది లోరియో గీసిన భార్యాభర్తలు అయ్యుండొచ్చు. భర్త గుడ్డు గట్టిపడిందంటాడు, గడియారం చూడకుండా మనసుకు తోచినట్టు సరిగ్గా ఉడికించానని భార్య అంటుంది, అలా సంసారం మొత్తం ఆ గుడ్డు మీద తెగిపోయేదాకా వస్తుంది. ఏ బి2 పుస్తకమూ చెప్పదు గానీ, ఆ వార్డులో నిలదొక్కుకోవడానికి ఇది మందుల పేర్ల తర్వాత రెండో పాఠం. అందుకే నర్సులకు నా సలహా: కొత్తవి వదిలేయండి, 1970లకు వెళ్లండి. అప్పటి టీవీలో మాట నిదానం, ఉచ్చారణ స్పష్టం, అది అదనపు లాభం.

‘డిన్నర్ ఫర్ వన్’ మాత్రం భాషకు పనికిరాదు, అయినా చూడాల్సిందే. 1963లో హాంబుర్గ్ టీవీ సంస్థ ఎన్‌డీఆర్ రికార్డు చేసింది. జర్మన్లు డిసెంబరు 31 రాత్రి తప్పనిసరిగా చూసే ఈ పద్దెనిమిది నిమిషాల హాస్యం మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది! నటులు ఫ్రెడ్డీ ఫ్రింటన్, మే వార్డెన్ ఇద్దరూ ఇంగ్లీషువాళ్లు. ముందు ఒకాయన వచ్చి జర్మన్‌లో కథ చెప్పి వెళ్లిపోతాడు. 90వ పుట్టినరోజు జరుపుకునే ఒక దొరసాని, ఎప్పుడో చచ్చిపోయిన నలుగురు స్నేహితులు, వాళ్లందరి తరఫునా తాగుతూ పులితోలు తలకాయకు తగిలి తూలే బట్లరు. 1972 నుంచి ఏటా అదే రోజు వేస్తున్నారు. జర్మనీలో మొదటి డిసెంబరు 31న వార్డులో డ్యూటీ పడే పిల్ల ఇది చూడకుండా వెళ్లకూడదు.

1973లో మొదలైన ‘ఐన్ హెర్ట్స్ ఉంట్ ఐనె జేలె’ గురించి మాత్రం కొంచెం జాగ్రత్త చెప్పాలి. వోల్ఫ్‌గాంగ్ మెంగె రాసిన ఈ సీరియల్లో ఆల్‌ఫ్రేడ్ అనే చిన్న మనిషి, హిట్లర్ మీసంతో, విదేశీయులనీ ఆడవాళ్లనీ వామపక్షవాదులనీ సోఫాలోంచి లేవకుండా తిడుతుంటాడు. రచయిత వెక్కిరించింది అతన్ని. చూసేవాళ్లలో కొందరు అతని పక్షాన చేరిపోయారన్నది వ్యంగ్యానికి పాత తలనొప్పి. ఆ తిట్లు నేర్చుకోవడానికి కాదు. రేపు బస్సులో ఎవరైనా అలా గొణిగితే అర్థం చేసుకోవడానికి చూడాలి.

గూడెం నిట్ కుర్రాళ్లకు ‘ష్ట్రోంబెర్గ్’. 2004 నుంచి 2012 దాకా ప్రోసీబెన్ ఛానల్లో నడిచింది. కాపిటోల్ అనే బీమా కంపెనీ, క్లెయిములు తేల్చే విభాగం, దానికి బాసు ష్ట్రోంబెర్గ్, నటుడు క్రిస్టోఫ్ మరియా హెర్బ్‌స్ట్. పైవాళ్లకు వంగడం, కిందివాళ్లను తొక్కడం, కాఫీ గదిలో గూడుపుఠాణి. ఏలూరు కలెక్టరేట్ మెట్లెక్కిన ఎవరికీ ఈ ఆఫీసు కొత్తకాదు. పరిస్థితి ముందే తెలిసినప్పుడు మాట దానంతటదే అతుక్కుంటుంది. అయితే ష్ట్రోంబెర్గ్ వాడే పోలికలు నోటికి తెచ్చుకుని సొంత ఆఫీసులో వాడితే ఉద్యోగం ఊడుతుంది, అది హామీ.

ఆ సీరియల్లో అందరూ ఏడిపించే అమాయకపు ఎర్నీగా వేసిన బ్యార్నె మేడెల్ తర్వాత ‘టాటోర్ట్‌రైనిగర్’ చేశాడు. హత్యలూ చావులూ జరిగిన చోట పోలీసులు వెళ్లాక రక్తం కడిగే మనిషి కథ. ప్రతి భాగంలో ఒక గది, ఆ ఇంటికి సంబంధించిన ఒకళ్లిద్దరు, వీడు. అరగంట మాటలే మాటలు. 2011 నుంచి 2018 వరకు ఎన్‌డీఆర్ తీసింది. నాకు వీటన్నిటిలో ఎక్కువ ఇష్టమైంది ఇదే. బి2 పిల్లలు ఒక్కో భాగాన్ని రోజుకు పది నిమిషాల చొప్పున నమిలినా తప్పులేదు. ఇంకా ఎ2 దగ్గరున్నవాళ్లు ఇటు రావద్దు. వాళ్లకోసం బ్రిటన్ ఛానల్ 4 తీసిన ‘ఎక్స్‌ట్రా’ జర్మన్ భాగాలున్నాయి, డాయిష్ వెల్లె ఉచితంగా పెట్టిన ‘నికోస్ వేగ్’ ఉంది. మొదటిదానిలో నవ్వు కొంచెం బలవంతం, రెండోదానిలో నవ్వు తక్కువ, రెండూ పనిచేస్తాయి.

కొల్లేరు, ‘అట’

శుక్రవారం రాత్రి జర్మన్ ఛానల్ జెడ్‌డీఎఫ్‌లో ‘హొయ్‌టె షో’ వస్తుంది. 2009 మేలో మొదలైంది, ఒలివర్ వెల్కె నడుపుతాడు. వారం రాజకీయాల తోలు అరగంటలో తీస్తారు. పార్టీలూ ముఖాలూ తెలియకపోతే మొదట్లో ఏమీ ఎక్కదు. అందులో గెర్నోట్ హాస్‌క్నెష్ట్ అనే పాత్రతో మొదలుపెట్టమంటాను. టై కట్టుకున్న పొట్టి పెద్దాయన, వ్యాఖ్యాతలా నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు మొదలెడతాడు. నాలుగో వాక్యానికి గొంతు లేస్తుంది. ఆరో వాక్యానికి ముఖం కందిపోతుంది. చివరికి కేకలే. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? కొత్త మాటలన్నీ ముందు నిదానంగా, తర్వాత గట్టిగా.

నా ఓటు మాత్రం ‘ఎక్స్‌ట్రా డ్రై’కి. ఎన్‌డీఆర్‌లో 1976 నుంచి ఉన్న వ్యంగ్య కార్యక్రమం. అందులో ‘రెయాలర్ ఇర్‌జిన్’ అని ఒక శీర్షిక, అసలు సిసలు పిచ్చి అనుకోండి. ఊళ్లకు వెళ్లి, మునిసిపాలిటీలు నిజంగా చేసిన పనులను చూపిస్తారు. నాలుగడుగులు వేసేలోపు అయిపోయే సైకిల్ దారి, ఎవరూ ఎక్కని వంతెన, ఒక నిబంధన కట్టమని ఇంకో నిబంధన కూల్చమన్న గోడ. విలేఖరి ముఖం సీరియస్, అధికారి ముఖం ఇంకా సీరియస్. ఇద్దరూ జోకు వేయరు. జీవో చదువుతారు, అంతే.

ఇలాంటి శీర్షికకు మన దగ్గర సరుకు కొరత లేదు. పైగా ఈ శీర్షిక కొల్లేరువాళ్లకు జర్మన్ వ్యాకరణంలో కష్టమైన ఒక ముక్కను పైసా ఖర్చు లేకుండా నేర్పుతుంది. జర్మన్‌లో, ఎవరో అన్నదాన్ని మన పూచీ లేకుండా చెప్పడానికి క్రియకు వేరే రూపం ఉంది. మంత్రి చెప్పాడు, నిజమో కాదో నాకు తెలియదు, నేను మాత్రం చేరవేస్తున్నాను అన్న దూరం ఆ రూపంలో ఉంటుంది. పత్రికలు రోజూ వాడతాయి, వ్యంగ్యకారులు పండగ చేసుకుంటారు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లకు దీన్ని అరపేజీ వివరించాలి. తెలుగువాడికి రెండక్షరాలు చాలు: అట. జంధ్యాల సినిమా పేరు చివర్న కూర్చున్న ‘అంట’ కూడా ఆ కుటుంబానిదే.

అందుకని మా అమ్మాయికి అభ్యాసంగా కొల్లేరు ఇచ్చాను. ముందు తెలుగులో ఇలా రాసుకున్నాం: “ఇది సరస్సట. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని ప్రకటించారు. ఐదో కాంటూరు లోపల అంతా పక్షులదేనట. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, ప్రపంచానికే ముఖ్యమైన తడినేలట. కాబట్టి ఇందులో చేపల చెరువులు ఉండకూడదట. 2006లో గట్లు పేల్చి తవ్వేశారు గనుక ఇప్పుడు లేవట. ఆ లేని చెరువుల్లో మేత చల్లడానికి పొద్దున్నే పడవలు వెళతాయి.”

చివరి వాక్యంలో ‘అట’ లేదు. జర్మన్‌లోనూ అక్కడ మామూలు క్రియే పడాలి. అంతవరకూ చేరవేసిన మాట, అక్కడి నుంచి కంటితో చూసింది. ‘ఎక్స్‌ట్రా డ్రై’ విలేఖరులు బతికేది ఈ మారే చోటే. ఆటపాకలో గూడబాతులు చూడ్డానికి వచ్చే టూరిస్టులకు ఈ తేడా అక్కర్లేదేమో గానీ, లంక గ్రామాల్లో ఒక్కొక్కరికీ కాంటూరంటే, నేల ఎత్తు చూపే గీతంటే, తెలుసు. సర్వే శాఖ మాట అక్కడ బియ్యం ధరంత సులువుగా నోట్లో ఆడుతుంది.

రాయడం పూర్తిచేసి ఆ పిల్ల అంది: “బాగుంది మావయ్యా. నాన్నకు మాత్రం చూపించకు.”

మా బావగారికి రెండు చెరువులు లీజుకున్నాయి. ఏ కాంటూరులో అని నేను అడగలేదు.

అన్న మాటకూ పూచీ పడ్డ మాటకూ మధ్య ఉన్న ఈ సందులోనే జర్మనీలో 2016లో పెద్ద రభస జరిగింది. ముందు ‘ఎక్స్‌ట్రా డ్రై’ తుర్కియే అధ్యక్షుడు ఎర్దొగాన్ మీద పాట వేస్తే, ఆ దేశం జర్మన్ రాయబారిని పిలిపించి నిరసన చెప్పింది. తర్వాత మార్చి 31న యాన్ బ్యోమర్‌మాన్ అనే టీవీ వ్యంగ్యకారుడు, చట్టం ప్రకారం చెప్పకూడనిది ఏమిటో చూపిస్తానంటూ, ఎర్దొగాన్ మీదే బూతుల పద్యం ఒకటి చదివాడు. ‘ఇలా అనకూడదు సుమా’ అని అంటూనే అనడం. విదేశీ దేశాధినేతను అవమానిస్తే శిక్షించే పాత సెక్షన్, 103, దుమ్ము దులుపుకుని లేచింది. విచారణకు ఛాన్సలర్ మెర్కెల్ అనుమతిచ్చారు. అక్టోబరులో ప్రాసిక్యూటర్లు కేసు వదిలేశారు. హాంబుర్గ్ కోర్టు ఆ పద్యంలో చాలా పాదాలను తిరిగి చెప్పకూడదంది. 2018 జనవరి 1 నుంచి ఆ సెక్షన్నే రద్దుచేశారు. పద్యం నాసిరకం, నా లెక్కన. కానీ దాని చుట్టూ కట్టిన ‘అనకూడదు’ అనే చట్రం అర్థమైతే బి2 వినికిడి పరీక్ష భయపెట్టదు.

ఎలా చూడాలి

హొయ్‌టె షో మామూలుగా జర్మనీలో శుక్రవారం రాత్రి పదిన్నరకు. అంటే మనకు శనివారం తెల్లవారుజామున రెండు, చలికాలంలో మూడు. మేలుకోనక్కర్లేదు. జెడ్‌డీఎఫ్, ఏఆర్‌డీ రెండిటికీ ఇంటర్నెట్‌లో సొంత భాండాగారాలున్నాయి, యూట్యూబ్‌లో ముక్కలున్నాయి. సొంతంగా తీసిన వ్యంగ్య కార్యక్రమాలు చాలావరకు ఇక్కడా తెరుచుకుంటాయి. సినిమాలూ కొన్ని సీరియళ్లూ దేశం దాటనివ్వరు. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం జర్మన్ సబ్‌టైటిల్స్ ఇస్తారు. మనకు అవే బంగారం. ముందు సబ్‌టైటిల్స్ లేకుండా ఒకసారి, తర్వాత జర్మన్ అక్షరాలతో, మళ్లీ లేకుండా. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ జోలికి పోవద్దు. ఎందుకంటే వాటిలో క్రియ ముందే వచ్చేస్తుంది, జోకు చచ్చిపోతుంది. ఒక కార్యక్రమమంతా కాదు, మూడు నిమిషాల ముక్క చాలు, నోటికి వచ్చేదాకా.

చూడ్డం ఒక్కటే సరిపోదన్నది కూడా చెప్పాలి. పక్కన నవ్వే మనిషి కావాలి. ఏలూరులోనో గూడెంలోనో అలాంటి జంట దొరకడం కష్టం గనుక మా అమ్మాయి కైకలూరు నుంచి వాళ్ల క్లాసు స్నేహితురాలికి ఫోన్ చేసి, ఇద్దరూ తొట్టిలోని ఇద్దరిలా ‘హెర్ డాక్టర్’ అంటూ పోట్లాడుకుంటారు. ఆడపిల్లలిద్దరు పెద్దమనుషుల్లా గద్దించుకోవడం ఇంట్లోవాళ్లకు అర్థంకాదు. మా అక్క మొదట్లో నిజంగానే గొడవ పడ్డారనుకుంది.

ఇక జర్మనీ చేరినవాళ్లకు. అద్దెకు దిగి, మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకున్న కొన్ని వారాలకు ఒక ఉత్తరం వస్తుంది. టీవీ ఉందా లేదా అని అడగరు. ఇల్లు ఉంది గనుక ప్రజా ప్రసార సంస్థల కోసం నెలకు 18.36 యూరోలు కట్టమంటారు. ఇంట్లో నలుగురుంటే నలుగురూ పంచుకోవచ్చు, ఇంటికి ఒకటే రుసుము. విదేశీ విద్యార్థులకు మామూలుగా మినహాయింపు ఉండదు. మన పిల్లలు ఆ ఉత్తరాన్ని మోసమనుకుని చించేస్తారు, తర్వాత జరిమానాతో ఇంకోటి వస్తుంది. కట్టండి. హొయ్‌టె షో, ఎక్స్‌ట్రా డ్రై ఆ డబ్బుతోనే నడుస్తాయి. ప్రభుత్వాన్ని వెక్కిరించడానికి ఇంటింటి నుంచీ నెల నెలా చందా వసూలు చేసే దేశంలో, కట్టి కూడా చూడకపోతే నష్టం మనకే.